చెడు కబురు ఎంత తొందరగా చేరుతుంది

(మందుల కంపెనీల్లో కొత్తగా షిఫ్ట్ ఇన్‌చార్జులైన వారి శిక్షణ తరగతిలో ఒక రిటైర్డ్ ప్రొడక్షన్ మేనేజరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక వరసలో ఉన్నవాళ్ళు నైట్ షిఫ్ట్ దిగి నేరుగా ఇక్కడికే వచ్చారట. కునుకు పడితే పడనివ్వండి బాబూ, నేనేం అనుకోను. ముప్పై ఏళ్ళు నేనూ ఆ షిఫ్టుల్లోనే బతికాను. పొద్దున ఆరింటికి షిఫ్ట్ దిగాక మీటింగ్ పెట్టేవాళ్ళని ఎన్ని తిట్లు తిట్టుకునేవాణ్ణో నాకే తెలుసు. (నవ్వులు)

నాకిచ్చిన అంశం ‘పనిచేసే చోట పాజిటివ్ వాతావరణం, అందులో మేనేజరు పాత్ర’. ఈ పాజిటివ్ అనే మాట వినగానే మన హెచ్‌ఆర్ వాళ్ళకి కేకు గుర్తొస్తుంది. నెలకోసారి పుట్టినరోజులు, శుక్రవారం ఆటలు, ‘ఈ నెల ఉత్తమ ఉద్యోగి’ అని నోటీసు బోర్డు మీద ఒక ఫొటో. నేను కాదనను, కేకు నాకూ ఇష్టమే. కానీ ఒక బ్లాకులో వాతావరణం ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను కేకు చూడను. రాత్రి రెండున్నరకి పంపు ఆగిపోతే ఆ సంగతి ఇన్‌చార్జి చెవిన ఎన్ని నిమిషాల్లో పడిందో చూస్తాను. అయిదు నిమిషాల్లో పడితే అది మంచి చోటు. మర్నాడు పదింటికి క్వాలిటీ వాళ్ళ ద్వారా తెలిస్తే, ఆ గోడల మీద ఎన్ని పోస్టర్లున్నా దండగే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. చెప్పుకోవడానికి గొప్ప కథేమీ కాదు. కంపెనీ పేరు అడక్కండి. హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీలకి కొదవా? ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చిన దగ్గర్నుంచి బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం... వాటిలో ఏదో ఒకటి అనుకోండి.

నేను అప్పుడు ఒక ఇంటర్మీడియట్ బ్లాకుకి, అంటే మందు తయారీలో మధ్య దశ రసాయనం చేసే చోటుకి, మేనేజర్ని. నా బ్లాకులో ఏడాదిలో డీవియేషన్లు, అంటే పద్ధతి తప్పిందని రికార్డుకెక్కినవి, ఎన్నో తెలుసా? రెండు. పక్క బ్లాకులో నలభై చిల్లర. ప్రతి నెలా రివ్యూ మీటింగులో ఆ పక్క బ్లాకు మేనేజరు తల దించుకుని సంజాయిషీ చెప్తుంటే, నేను ఛాతీ విరుచుకుని కూర్చునేవాణ్ణి. పైవాళ్ళు ‘చూడండి, ఈయన్ని చూసి నేర్చుకోండి’ అనేవాళ్ళు. ఆ మాట వినడానికి ఎంత బావుండేదో. (నవ్వులు)

మా దగ్గర ఒక స్టెప్ ఉండేది. గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌లో సున్నా నుంచి అయిదు డిగ్రీల మధ్య ఒక రీఏజెంట్‌ని నెమ్మదిగా, నాలుగు గంటలపాటు చుక్కచుక్కగా వదలాలి. రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో బ్రైన్, అంటే చల్లటి ఉప్పునీరు, తిరుగుతుంటుంది. టెంపరేచర్ పెరిగితే ఇంప్యూరిటీ, అంటే మలినం, పెరుగుతుంది. ఒక రోజు బ్యాచ్ ఫెయిలైంది. స్వచ్ఛత కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో ఇంప్యూరిటీ పీక్ తాటిచెట్టులా లేచింది. బ్యాచ్ రికార్డు తీసి చూస్తే ప్రతి పదిహేను నిమిషాలకీ టెంపరేచర్ రాసుంది. మూడు, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు.

మూడు రోజులు తలలు బద్దలుకొట్టుకున్నాం. రా మెటీరియల్ మీద అనుమానపడ్డాం, సప్లయర్ని నిలదీశాం, పాపం. మూడో రోజు సాయంత్రం ఇంజినీరింగ్ కుర్రాడొకడు ఎందుకో పంపుల సంగతులు రాసే యుటిలిటీ లాగ్‌బుక్ తిరగేస్తుంటే కనపడింది: ఆ రాత్రి 2:40కి బ్రైన్ పంపు ట్రిప్. 3:25కి మళ్ళీ స్టార్ట్. నలభై అయిదు నిమిషాలు జాకెట్‌లో చల్లదనం లేదు, రీఏజెంట్ పడుతూనే ఉంది, మన కాగితం మీద మాత్రం నాలుగు డిగ్రీలు!

ఆపరేటర్ని పిలిచాను. ఎనిమిదేళ్ళ సర్వీసు, నెమ్మదైన మనిషి. గది తలుపు వేసి అడిగాను, ఎందుకిలా చేశావని. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు: ‘సార్, పోయిన వారం సాల్వెంట్ ఒలికిందని చెప్పినందుకు ఆ అబ్బాయిని అందరి ముందు గంటసేపు నిలబెట్టారు. నేను చెప్తే తిట్లు ఖాయం. చెప్పకపోతే బ్యాచ్ పోవచ్చు, పోకపోనూ వచ్చు కదా సార్.’

లెక్క చూడండి. ఒక వైపు నూటికి నూరు పాళ్ళు తిట్లు. ఇంకో వైపు సగం ఛాన్సు. మీరైతే ఏ వైపు వెళ్తారు? ఆ మనిషి తెలివితక్కువగా చేయలేదు, ఆ చోటు అతనికి నేర్పిన లెక్క ప్రకారమే చేశాడు. నేర్పింది ఎవరు? నేను. ‘తప్పించుకు తిరుగువాడు ధన్యుడు’ అని చిన్నప్పుడు నేర్చుకుంటాం కదా, నా బ్లాకులో అసలైన ఎస్‌ఓపీ, అంటే పని ఇలా చేయాలని చెప్పే పత్రం, అదే. క్వాలిటీ వాళ్ళు సంతకం పెట్టి ఇచ్చింది బీరువాలో ఉండేది.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, అది చెప్పకపోతే మళ్ళీ నేనూ రికార్డు దిద్దినట్టే. జరగనిది జరిగినట్టు రాయడం మన వృత్తిలో చిన్న తప్పు కాదు. ఆ మందు ఎవరి కడుపులోకి వెళ్తుందో మనకి తెలియదు. అతన్ని సస్పెండ్ చేశారు, ఇంక్రిమెంట్ ఆపారు. అందులో అన్యాయం ఉందని నేను అనను. నాకు మాత్రం ఏమీ కాలేదు. ఆ ఏడాది ఇంక్రిమెంట్ కూడా సుబ్బరంగా వచ్చింది. ఆ డబ్బుతో ఏం కొన్నానో గుర్తులేదు గానీ, అతను గది నుంచి బయటికి వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా వేసిన తీరు మాత్రం గుర్తుంది.

ఇప్పుడు మీకు తెలిసిన ఒక మాట అడుగుతాను. ఆల్కోవా అంటే ఏమిటి? (సభలో జవాబులు) ఆఁ, అదే, ట్రైనింగులో బట్టీ పట్టించారు కదా. ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగినప్పుడే రాయాలి, అసలు కాగితం ఉండాలి, రాసింది నిజం అయ్యుండాలి. ఈ అయిదింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ఆ మాట. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళు 2018 డిసెంబరులో డేటా ఇంటెగ్రిటీ, అంటే రికార్డుల నిజాయితీ, మీద గైడెన్స్ ఇచ్చినప్పుడు అందులో ఒక వాక్యం పెట్టారు: తప్పు కనిపిస్తే ఉద్యోగులు వెంటనే చెప్పేలా ప్రోత్సహించే క్వాలిటీ కల్చర్‌ని తయారుచేయడం యాజమాన్యం బాధ్యత అని. మన స్లైడుల్లో ఆ అయిదు అక్షరాలు వచ్చాయి, ఈ వాక్యం రాలేదు. ఎందుకంటే ఆ అక్షరాలు ఆపరేటర్ చేయాల్సినవి. ఈ వాక్యం మనం చేయాల్సింది.

తమాషా ఏంటంటే, ఆల్కోవా అని నిజంగానే ఒక కంపెనీ ఉంది. పిట్స్‌బర్గ్ కేంద్రంగా పెరిగిన అల్యూమినియం కంపెనీ. దానికీ మన అయిదు అక్షరాలకీ ఏ చుట్టరికమూ లేదు. కానీ ఆ కంపెనీ కథ మాత్రం మన టాపిక్కే. 1987లో పాల్ ఓ'నీల్ అనే ఆయన అక్కడ సీఈఓగా వచ్చారు. మదుపరులతో మొదటి సమావేశంలో లాభాల గురించి ఏం చెప్తాడా అని అందరూ ఎదురుచూస్తుంటే, కార్మికుల భద్రత గురించి మాట్లాడారు. ఒక్కరికీ గాయం కాకూడదు, అదే నా లక్ష్యం అన్నారు. ఈయనకి మతి పోయిందని షేర్లు అమ్మమన్న వాళ్ళూ ఉన్నారు.

కొద్ది నెలలకే అరిజోనా ప్లాంటులో ఒక కొత్త కుర్రాడు చనిపోయాడు. ఆగిపోయిన మెషిన్ని బాగుచేద్దామని అడ్డుగా కట్టింది దూకి లోపలికి వెళ్ళాడు. మెషిన్ కదిలింది. అతను దూకడం పైవాళ్ళు చూశారు, ఎవరూ ఆపలేదు. మనవైపైతే ఎంక్వయిరీ రిపోర్టు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ‘ఆపరేటర్ నిర్లక్ష్యం. చర్య: రీట్రైనింగ్.’ (నవ్వులు) నవ్వుతున్నారు, అంటే మీరూ రాశారన్నమాట. ఓ'నీల్ మాత్రం అధికారులందర్నీ కూర్చోబెట్టి, ఇతన్ని చంపింది మనం, నా నాయకత్వం విఫలమైంది అన్నారు. తన ఇంటి ఫోన్ నంబరు కార్మికులకిచ్చి, మీ మేనేజరు వినకపోతే నాకు చెయ్యండి అన్నారు. పని రోజులు పోయేంత గాయాలు ఆయన వచ్చినప్పుడు ఏడాదికి నూరు మందికి 1.86. 2000లో ఆయన వెళ్ళేనాటికి 0.2.

ఆయన్ని మెత్తటి మనిషి అనుకోకండి. మెక్సికోలో వాళ్ళ ప్లాంటు ఒకదానిలో వాయువు పీల్చి కార్మికులు జబ్బుపడితే, ఆ సంగతి పైకి చెప్పకుండా కిందే సర్దేసిన పెద్ద అధికారిని 1996లో ఇంటికి పంపేశారు. ఇది బాగా పట్టుకోండి. చెప్పినవాడికి శిక్ష లేదు, దాచినవాడికి ఉంది. అదీ పెద్దవాళ్ళ నుంచి మొదలైంది. నా బ్లాకులో నేను దీన్ని సరిగ్గా తిరగేసి నడిపాను.

ఇక నా రెండు డీవియేషన్లు, పక్క బ్లాకు నలభై సంగతి. చాలా ఏళ్ళ తర్వాత హార్వర్డ్ ప్రొఫెసర్ ఏమీ ఎడ్మండ్సన్ పని గురించి చదివినప్పుడు నాకు చెంప చెళ్ళుమంది. ఆవిడ తొంభైల్లో ఆస్పత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో మందులిచ్చేటప్పుడు తప్పులు తక్కువ జరుగుతాయని ఆవిడ అంచనా. లెక్క తీస్తే తలకిందులుగా వచ్చింది, మంచి బృందాల్లోనే ఎక్కువ తప్పులు! తరచి చూస్తే తేలిందేమిటంటే, వాళ్ళు ఎక్కువ తప్పులు చేయడం లేదు, జరిగినవి ఎక్కువ బయటికి చెప్తున్నారు. మిగతా చోట్ల చెప్పడం లేదు. ఆ పక్క బ్లాకు మేనేజరు ఇప్పుడు లేడు. ఆయన దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అని ఉండాల్సింది. సరే.

కాబట్టి అమ్మా, బాబూ, మీ పైవాళ్ళు మిమ్మల్ని డీవియేషన్ల సంఖ్యతో తూస్తే, ఆ సంఖ్య తగ్గుతుంది. తప్పకుండా తగ్గుతుంది. తప్పులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు చెత్తబుట్టలో చిరిగిన కాగితం పట్టుకుని ఫోర్ ఎయిటీ త్రీ అనే లోపాల చిట్టా ఇచ్చి వెళ్ళేదాకా ఎవరికీ తెలియదు.

మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు, మా దగ్గర సజెషన్ బాక్స్ ఉంది, హెల్ప్‌లైన్ ఉంది, ఎమర్జెన్సీ బటన్ ఉంది అని. ఉంటాయి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి లీకైన సంగతి మర్చిపోలేదు కదా. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తన నివేదికలో రాసింది: ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉంది, ఆ తెల్లవారుజామున సైరన్ మోగలేదు. బటన్ ఉండటం వేరు, చెయ్యి దాని మీదికి వెళ్ళడం వేరు.

ఆ చెయ్యి వెళ్ళేలా చేసిన చోటు ఒకటి చెప్తాను. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. అమెరికాలోనే అధ్వాన్నమైన కార్మికులు అక్కడున్నారని పేరు. రోజూ అయిదుగురిలో ఒకరు డ్యూటీకి వచ్చేవారు కాదు. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి మళ్ళీ తెరిచారు, నమ్మీ అని పేరు పెట్టారు. కార్మికులు చాలామటుకు ఆ పాతవాళ్ళే, యూనియన్ కూడా అదే. మారింది పని నడిపే పద్ధతి. లైను పక్కన ఒక తాడు కట్టారు. ఎవరికి తేడా కనిపించినా లాగొచ్చు. లాగితే టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. వచ్చి, ‘ఏమైంది, నేనేం సాయం చేయను?’ అంటాడు. అంతకుముందు ఆ ఫ్యాక్టరీలో లైను ఆపడమంటే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే. కొత్త పద్ధతిలో గైర్హాజరు రెండు శాతం దగ్గరికి పడిపోయింది. తాడు ఖరీదు ఎంతుంటుంది చెప్పండి? ఖరీదైనది ఆ టీమ్ లీడర్ నోటి నుంచి వచ్చే మొదటి మాట.

మన దగ్గర ఆ మొదటి మాట ఏమిటి? ‘ఎవడు?’ మన నోట్లో అది అలవాటుగా వచ్చేస్తుంది. డ్రమ్ము పడితే ఎవడు, వాల్వు తెరిచి ఉంటే ఎవడు, లేబుల్ మారితే ఎవడు. ‘ఎవడు’ అనగానే పది మంది పది వైపులకి చూస్తారు. ‘ఏమైంది? ఎవరికైనా దెబ్బ తగిలిందా? ఇప్పుడెలా ఉంది?’ అని అడిగి చూడండి. ఎవరన్నది సాయంత్రానికి అదే తెలుస్తుంది, మనిషే వచ్చి చెప్తాడు. నేను మారడానికి చేసిన పని పెద్దదేం కాదు. కోపం వచ్చినప్పుడు జేబులోంచి పెన్ను తీసి టైము రాసుకునేవాణ్ణి. ఆ అయిదు సెకన్లు నోరు మూసుకుని ఉండటానికి. మా వాళ్ళు ఆ పెన్నుకి పేరు కూడా పెట్టారట, ‘సార్ మాత్ర’ అని. (నవ్వులు)

కలాం గారి కథ చెప్తాననుకుంటున్నారు కదా? ప్రతి మేనేజ్‌మెంట్ క్లాసులో చెప్తారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో కలాం గారు నడిపిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది, ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ గారు విలేకరుల ముందుకి తానే వెళ్ళి బాధ్యత తీసుకున్నారు, 1980 జులై 18న ప్రయోగం గెలిచాక కలాం గారిని ముందుకి పంపారు. ఈ భాగం అందరికీ తెలుసు. నాకు నచ్చేది ఇంకో ముక్క. ఆ మొదటి ప్రయోగం రోజు కంప్యూటర్ ఆపమన్నా, నిపుణులను అడిగి, తానే దాన్ని పక్కనపెట్టి రాకెట్ వదిలానని కలాం గారు రాష్ట్రపతి అయ్యాక కూడా వేల మంది పిల్లల ముందు చెప్పుకున్నారు. నా తప్పు ఇదీ అని అంత తేలిగ్గా చెప్పగలిగిన మనిషి ఎలాంటి పైఅధికారి దగ్గర పనిచేసి ఉంటాడో ఊహించండి.

కాంట్రాక్టు వాళ్ళ గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. మన ప్లాంట్లలో లీకేజీ మొదట చూసేది వాళ్ళే. డ్రమ్ములు దొర్లించేవాళ్ళు, సెంట్రిఫ్యూజ్ ఖాళీ చేసేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, మన శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళకి సేఫ్టీ షూ రెండు నెలలు ఆలస్యంగా ఇస్తాం, క్యాంటీన్‌లో చివరి బ్యాచ్‌లో పెడతాం, పేరు తెలియదు కాబట్టి ‘ఏయ్’ అని పిలుస్తాం. ఏయ్ అని పిలిపించుకున్నవాడు రాత్రి వాసన వస్తుంటే మన దగ్గరికి వచ్చి చెప్తాడా? కాంట్రాక్టర్‌కి చెప్తాడు, ఆయన ఫోన్ ఎత్తడు. మీ షిఫ్టులో ఉన్న కాంట్రాక్టు మనుషుల పేర్లన్నీ వారంలో నేర్చుకోండి. ఇది మంచితనం కోసం చెప్పడం లేదు, మీ ప్రాణం కోసం చెప్తున్నాను.

ఆడవాళ్ళు షిఫ్టుల్లోకి వస్తున్నారు, సంతోషం. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. కాగితం బోర్డు మీద అంటించి ఉంటుంది. ఆ కమిటీ అధ్యక్షురాలు ఎవరో మందులు పరీక్షించే మీ క్యూసీ ల్యాబ్‌లో అమ్మాయిల్ని అడగండి. తెలియదంటే కమిటీ లేనట్టే లెక్క.

ఇంకొకటి, ఎంత నవ్వుతూ మాట్లాడినా మనుషులు చాలకపోతే వాతావరణం బాగుపడదు. ఒక్కడికి మూడు రియాక్టర్లు అప్పగించి, రిలీవర్ రాలేదని పదహారు గంటలు నిలబెట్టి, ‘మనమంతా ఒక కుటుంబం’ అంటే వాడికి ఒళ్ళు మండుతుంది. వారానికి 48 గంటల పరిమితి 1948 ఫ్యాక్టరీల చట్టం నాటిది. నిద్రలేని మనిషి రాసే టెంపరేచర్ నేను రాయించిన నాలుగు డిగ్రీల్లాంటిదే. రోస్టర్ మీ చేతిలో ఉంటుంది, దాన్ని నిజాయితీగా వేయండి. పండగ డ్యూటీలు ప్రతిసారీ నోరులేని వాళ్ళకే పడుతున్నాయేమో చూసుకోండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆఁ, ఆ మూడో వరస అమ్మాయి.

(ప్రశ్న: సార్, మేము తిట్టకుండా వింటాం. కానీ మా పైవాళ్ళే మమ్మల్ని ‘ఎవడు’ అని అడిగితే ఏం చెయ్యాలి?)

ఈ ప్రశ్న వస్తుందనే భయపడుతూ ఉన్నాను. (నవ్వులు, చప్పట్లు) సూటిగా చెప్తానమ్మా. మధ్యలో ఉన్నవాడికి రెండు వైపులా దెబ్బలే, మద్దెల బతుకు. నేను కనిపెట్టిన ఉపాయం చిన్నది. కబురు మెయిల్‌లో పంపకుండా ముందు ఫోన్ చేసేవాణ్ణి. ‘ఇది జరిగింది, ఇప్పటికి ఇది చేశాం, బ్యాచ్ హోల్డ్‌లో పెట్టాం, ఇంకో గంటలో మళ్ళీ చెప్తాను’ అని ఒక్క ఊపులో చెప్పేసేవాణ్ణి. చేతిలో తర్వాతి పని ఉంటే ‘ఎవడు’ అనే మాట కొంచెం వెనక్కి పోతుంది. అయినా అడిగితే ‘నా షిఫ్టు సార్, నా పేరు రాసుకోండి’ అనేవాణ్ణి. ఎప్పుడూ పనిచేసిందని చెప్పను. ఒకసారి అలా అన్నందుకు ఆ ఏడాది నా అప్రైజల్ పోయింది. ఇంట్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

నేను పద్ధతి మార్చుకున్నాక కూడా మా వాళ్ళు నమ్మడానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? దాదాపు మూడేళ్ళు. ఈయన మారాడట అనుకునేవాళ్ళు, దూరం నుంచి చూసేవాళ్ళు. ఒక రాత్రి రెండు దాటాక ఇంటికి ఫోను. ‘సార్, బ్రైన్ పంపు ఆగింది. రీఏజెంట్ వదలడం ఆపేశాను. ఏడు డిగ్రీలకి వచ్చింది.’ గొంతు గుర్తుపట్టాను. అతనే, ముత్యాల్లాంటి అక్షరాలవాడు. ‘మంచి పని చేశావు, స్టాండ్‌బై పంపు పెట్టించు, వస్తున్నా’ అన్నాను. చొక్కా వేసుకుంటుంటే మా ఆవిడ లేచి, ‘ఏమైంది, ఏదైనా ప్రమాదమా?’ అంది. ‘పంపు చెడిపోయింది’ అన్నాను. ‘మరి నవ్వుతారేంటి?’ అంది.

సరే, బస్సు హారన్ కొడుతున్నాడు. నైట్ షిఫ్ట్ వాళ్ళని ముందు పంపించండి.